గోగ్రాసమంటే ఒక్క కబళం

(సంక్రాంతి సెలవులలో దేవస్థానం గోశాలను ఆనుకొని ఉన్న పల్లెలో, రైతుల ఇళ్ళలో మూడు రోజులు బసచేసి, పిల్లలతో కలిసి పశుసేవ చేసిన కుటుంబాలను ఉద్దేశించి ఒక విశ్రాంత పశువైద్యులు కనుమకు ముందురోజు సాయంత్రం గోశాల ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం.)

 

భోగికి ముందురోజు ఉదయం జరిగిన ఒక చిన్న సంగతితో ఈ ప్రసంగాన్ని ప్రారంభిస్తాను. గోశాల తూర్పు కొట్టంలో చివరి గుంజకు ఒక ముసలి ఆవు కట్టి ఉంటుంది. మీలో చాలామంది దానిని చూసే ఉంటారు. ఎముకలు తేలిన నడుము, ఒక కంటిలో పొర. పట్నం నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు దాని ముందు నిలబడి, "తాతగారూ, ఈ ఆవు పాలిస్తుందా?" అని నన్ను అడిగాడు. ఇవ్వదన్నాను. "దూడను కంటుందా?" అన్నాడు. ఇక కనదన్నాను. "మరి దీనిని ఎందుకు మేపుతున్నారు?" అన్నాడు. పక్కనే ఉన్న తండ్రి సిగ్గుపడి, "తప్పు, అలా అడగకూడదు" అని కసిరాడు. నేను ఆయనను వారించాను. ఆ ప్రశ్న తప్పు కాదు. గోవుకు పూజచేసే మనమంతా మనసులో ఎక్కడో దాచుకొని, పైకి అడగలేని ప్రశ్న అది. ఆనాడు ఆ పిల్లవాడికి నేను జవాబు చెప్పలేదు. "ఈ మూడు రోజులూ దీనికి నీళ్ళు పెట్టే పని నీది. ఆ తరువాత నువ్వే నాకు చెప్పు" అన్నాను. ఆ పిల్లవాడు ఏమి చెప్పాడో ప్రసంగం చివర మనవి చేస్తాను.

మన పెద్దలకు తెలిసిన బస

కుటుంబాలు పల్లెకు వెళ్ళి, రైతు ఇంట ఉండి, పిల్లలచేత పశువుల పని చేయించడం ఈ మధ్య దేశవిదేశాల్లో ఒక పద్ధతిగా స్థిరపడింది. రైతు ఇంటి ఆతిథ్యానికి ఇటలీ దేశం 1985లోనే ప్రత్యేక చట్టం చేసింది. మన దేశంలో మహారాష్ట్రలోని బారామతి ప్రాంత రైతులు 2005 నుంచి ఈ దారిలో నడిచి, పంటతో పాటు ఆతిథ్యాన్ని కూడా ఒక ఆదరువుగా చేసుకున్నారు. ఇది కొత్త సంగతి అని కొందరు అనుకుంటారు. మన వాఙ్మయాన్ని తెరిచి చూస్తే ఇది ఎంత పాతదో తెలుస్తుంది.

సంతానం లేని దిలీప మహారాజు భార్య సుదక్షిణతో కలిసి వసిష్ఠులవారి ఆశ్రమానికి వెళ్ళాడు. మునీశ్వరుడు ఆయనకు యజ్ఞం చెప్పలేదు, దానం చెప్పలేదు. నందినీధేనువును చూపించి, దీనిని సేవించు అన్నాడు. చక్రవర్తి పరివారాన్ని వెనక్కు పంపివేశాడు. ఆవు నిలిచినప్పుడు తాను నిలిచాడు, కూర్చున్నప్పుడు తాను కూర్చున్నాడు, అది నీళ్ళు తాగిన తరువాతనే తాను తాగాడు. ఆ సేవ ఎలా ఉండేదో కాళిదాస మహాకవి రఘువంశంలో వివరించాడు. కబళం కబళంగా పచ్చిక అందించడం, ఒళ్ళు గోకడం, జోరీగలను తోలడం. చూడండి, ఈ మూడు రోజులూ మన పిల్లలు చేసిన పనులే ఇవి! ఇరవై ఒక్క రోజులు ఆ సేవ సాగింది. ఇరవై రెండవనాడు సింహం ఎదురైనప్పుడు ఆవుకు బదులు తన దేహాన్ని ఇవ్వడానికి ఆ రాజు సిద్ధపడ్డాడు. మొదటి రోజునే ఆ మాట వచ్చేదా? రోజూ చేసిన చిన్న పని మనసులో అంత పెద్ద ప్రేమగా పండడానికి మూడు వారాలు పట్టింది.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుడి కథ మీకు తెలిసినదే. గురువైన గౌతముడు ఆ పిల్లవాడికి మొదట చెప్పిన పాఠం వేదమంత్రం కాదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను ఏరి అప్పగించాడు. ఇవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని పిల్లవాడు బయలుదేరాడు. బలమైన మందను ఇచ్చి ఉంటే మేపడం సులభమే. బలహీనమైన వాటిని ఇచ్చాడంటే, ఆ గురువు పిల్లవాడి శ్రద్ధను ఎక్కడ పరీక్షించాలో తెలిసినవాడు. చివరికి బ్రహ్మజ్ఞానంలోని తొలి పాదాన్ని సత్యకామునికి చెప్పినది ఆ మందలోని వృషభమే.

ఇక మన చిన్నికృష్ణుడు. నందుని ఇంట లక్షల గోవులు ఉన్నా, ఆ తల్లిదండ్రులు బాలుడిని ఒక్కసారిగా ఆవుల వెంట అడవికి పంపలేదు. మొదట వ్రేపల్లె పొలిమేరలో దూడలను కాయమన్నారు. చల్దులు కట్టుకొని గోపబాలురతో కలిసి ఆయన కాచినవి దూడలే. బ్రహ్మదేవుడు దాచిపెట్టినవీ దూడలే. కొంత వయసు వచ్చిన తరువాతనే గోవులను అప్పగించారు. కార్తిక శుద్ధ అష్టమినాడు మనం జరుపుకొనే గోపాష్టమి ఆ శుభదినమేనని పెద్దల మాట. పిల్లలకు వయసును బట్టి పని, పనిని బట్టి బాధ్యత. యశోదమ్మ పాటించిన ఈ క్రమాన్ని మనమూ పాటించడం సముచితం.

ఏ వయసుకు ఏ పని

అయిదేళ్ళలోపు పిల్లలు పెద్దల చేయి పట్టుకొని చూడాలి. కోళ్ళకు గింజలు చల్లవచ్చు, ఆవుకు దూరం నుంచి పేరు పెట్టి పిలవవచ్చు. అంతే చాలు. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వారికి తొట్టిలో నీళ్ళు నింపడం, గాడిలో గడ్డి వేయడం, దూడల ఒళ్ళు తుడవడం. పది దాటినవారు పేడ తీయవచ్చు, పెద్దల పక్కన నిలబడి పిడుదులు చూడవచ్చు, పచ్చిమేత తరిగేచోట మోపులు అందించవచ్చు. మేత కోసే యంత్రం దగ్గరకు మాత్రం ఏ వయసు పిల్లలనూ రానివ్వరాదు. పాలు పితకడం చివరి పని. తొందరపడవద్దు. కొత్త చేయి తగిలి బెదిరిన ఆవు పాలు చేపదు. ఆవు బెదిరితే నష్టపోయేది ఆ ఇంటి రైతు.

తల్లులారా, కొన్ని జాగ్రత్తలు వైద్యుడిగా చెప్పడం నా ధర్మం. ఆవుకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది కానీ, సరిగ్గా తోక వెనుక నిలబడినవారు కనిపించరు. కనిపించని చోట ఏదో కదిలితే అది భయంతో తన్నుతుంది, కోపంతో కాదు. కాబట్టి ముందు పిలిచి, భుజం పక్క నుంచి దగ్గరకు వెళ్ళాలి. కొత్తగా ఈనిన ఆవుకూ దూడకూ మధ్య ఎవరూ నిలబడరాదు, ఎంత సాధువైనా సరే. కొట్టంలో పనిచేసేటప్పుడు కాళ్ళకు చెప్పులో, బూట్లో ఉండడం అపచారం కాదు. పూజ చేసేటప్పుడు విడవండి, పేడ తీసేటప్పుడు తొడగండి. గిట్ట కింద పడిన పాదానికి భక్తి రక్షణ కాదు, మట్టిలోని మేకుకు మన మడి తెలియదు. పని ముగిసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. పాలను కాచకుండా పిల్లలకు పట్టించవద్దు. "పితికిన పాలు అప్పటికప్పుడు తాగితే బలం" అనే మాట వినడానికి బాగుంటుంది. పశువుల నుంచి మనుషులకు సోకే కొన్ని వ్యాధులు పచ్చిపాల ద్వారానే వస్తాయని నా వృత్తి నాకు నేర్పింది.

ఈ జాగ్రత్తలు చెబుతున్నది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఎదుటి ప్రాణి ఎలా చూస్తుంది, దేనికి బెదురుతుంది, ఏమి కోరుతుంది అని తెలుసుకోవడమే సేవకు మొదటి మెట్టు. 1976లో మన రాజ్యాంగంలో పౌరుల కర్తవ్యాలను చేర్చినప్పుడు ప్రాణికోటి పట్ల దయ కలిగి ఉండడాన్ని కూడా ఒక కర్తవ్యంగా పేర్కొన్నారు. దయ అంటే జాలిపడడం మాత్రమే కాదు. తెలిసి జాలిపడడం. తెలియని జాలి ఏమి చేస్తుందో నా చిన్ననాటి కథ చెబుతాను. దీనిని ఇంతవరకూ సభలో ఎన్నడూ చెప్పలేదు.

గౌరి

అరవై ఏళ్ళ కిందటి మాట. చిత్తూరు జిల్లాలో ఒక మెట్టపల్లె మాది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా ఇంట గౌరి అని ఒక ఆవు. ఇరవై రోజుల పెయ్యదూడ తల్లి. నాకు గౌరి అంటే ప్రాణం. ఆ ఏడు కనుమకు చుట్టాలు చాలామంది వచ్చారు. భోజనాలయ్యాక గంగాళం అడుగున అన్నం, పొంగలి బాగా మిగిలిపోయాయి. మనుషులందరూ పండుగచేసుకున్నారు, గౌరి మాత్రం రోజూ తినే వరిగడ్డే తింటోంది అని నా మనసుకు తోచింది. ఎవరూ చూడకుండా ఆ గంగాళాన్ని ఈడ్చుకొని వెళ్ళి దాని ముందు పెట్టాను. గౌరి తలెత్తకుండా అంతా తిన్నది. గంగాళం నాకింది. నాకు ఎంత ఆనందమో! ఆవుకు పెట్టిన పుణ్యం అంతా నాదే అనుకున్నాను.

మరునాడు తెల్లవారేసరికి గౌరి నెమరువేయడం మానేసింది. మధ్యాహ్నానికి కాళ్ళు తడబడ్డాయి. సాయంత్రానికి పడుకొని, తలను డొక్క మీదికి తిప్పుకొని, పళ్ళు కొరుకుతూ మూలగసాగింది. మా అవ్వ దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పింది. మా నాయన వెదురుగొట్టంతో ఏవో కషాయాలు పోశాడు. పశువుల ఆసుపత్రి పన్నెండు మైళ్ళ దూరం. మనిషిని పంపారు. డాక్టరుగారు వచ్చేలోపే మూడవరోజు వేకువన గౌరి కన్నుమూసింది. ఏమి తిన్నది, ఎవరు పెట్టారు అని ఇంట్లో అందరూ ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. నేను నోరు విప్పలేదు.

తల్లి కోసం దూడ రాత్రులు అరుస్తూ ఉండేది. అయిదవనాటి రాత్రి ఆ అరుపు భరించలేక మా నాయన దగ్గరకు వెళ్ళి ఏడుస్తూ చెప్పాను, అన్నం పెట్టింది నేనే నాయనా అని. కొడతాడనుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. లేచి కొట్టంలోకి వెళ్ళి, దూడ పలుపుతాడు విప్పి తెచ్చి నా చేతికిచ్చాడు. "ఇంగ దీనికి నువ్వే" అన్నాడు. అంతే.

తల్లిలేని దూడకు గిన్నెలో పాలు తాగడం తెలియదు. దానికి తెలిసినది చన్ను చీకడమే. పొరుగింటి ఆవు పాలు గోరువెచ్చగా తెచ్చి, నా రెండు వేళ్ళు పాలలో ముంచి దాని నోట పెట్టేవాణ్ణి. అది వేళ్ళను చీకుతుండగా చేతిని మెల్లగా పాలలోకి దించాలి. మొదటి రెండు రోజులు ముక్కులోకి పాలు పోయి తుమ్మేది, గిన్నె తన్నేసేది. మూడవరోజు వేళ్ళు తీసినా తాగింది. దానికి లక్ష్మి అని పేరు పెట్టుకున్నాను. ఉదయం బడికి పోయేముందు, సాయంత్రం వచ్చిన తరువాత, వానైనా, జ్వరమైనా అదే నా పని. నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చేరిన సంవత్సరం లక్ష్మి అయిదవ దూడను ఈనింది. ఆ చదువుకు నన్ను పంపినది ఎవరని అడిగితే నేను గౌరి పేరే చెబుతాను.

గౌరి ఎందుకు చనిపోయిందో కళాశాలలో తెలిసింది. ఆవు పొట్టలో నాలుగు గదులు. మొదటి గదిలో కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి. గడ్డిని అరిగించేవి అవే. రోజులో ఏడెనిమిది గంటలు ఆవు నెమరువేసేది వాటికి ఆహారాన్ని సిద్ధం చేయడానికే. అలవాటు లేని ఆవు ఒక్కసారిగా గంపెడు అన్నమో, పిండో, బెల్లమో తింటే ఆ గదిలో వేరే జాతి జీవులు విజృంభించి పులుపు పుట్టిస్తాయి. గడ్డిని అరిగించే జీవులు చనిపోతాయి, ఆ పులుపు రక్తంలోకి ఎక్కుతుంది. వెంటనే వైద్యం అందకపోతే రెండు, మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. అంటే మనం ఆవుకు పెడుతున్నామనుకుంటాం. నిజానికి మనం పెట్టేది దాని పొట్టలోని ఆ కోట్ల జీవులకు. వాటికి పడనిది ఆవుకూ పడదు.

దాతలకు ఒక మనవి

ఈ కథను ఈ ప్రాంగణంలోనే చెప్పడానికి కారణం ఉంది. నా ఉద్యోగ జీవితంలో పండుగల మరునాడు ఇటువంటి కేసులే చూశాను. యాత్రికులు భక్తితో తెచ్చిన పొంగలి, లడ్డూలు, బెల్లపు అచ్చులు, అరటిగెలలు ఒకరి తరువాత ఒకరు ఒకే ఆవుకు పెట్టేవారు. గుమ్మం పక్కనున్న ఆవుకు అందరూ పెడతారు, చివరి గుంజ దగ్గర ఉన్నదానికి ఎవరూ పెట్టరు. ఒక్కొక్కరు పెట్టింది కొంచెమే. అందరూ కలిపి పెట్టింది విషం. ప్రసాదాన్ని కవరుతో సహా గాడిలో వదిలి వెళ్ళడం మరొక ఘోరం. ఆ కవరు ఆవు పొట్టలో అరగదు, బయటికి రాదు.

గోగ్రాసం అనే మాటను ఒకసారి గుర్తుచేసుకోండి. గ్రాసమంటే సంస్కృతంలో నోటిలో పట్టేంత ముద్ద, ఒక్క కబళం. మన పెద్దలు గోగ్రాసం పెట్టమన్నారు, గోభోజనం పెట్టమనలేదు. తాము తినేముందు ఆవును తలచుకోవడానికి ఒక్క కబళం. మిగిలిన అన్నాన్ని ఖాళీచేసుకోవడానికి కాదు. దిలీపుడు పెట్టినదీ కబళమే, అదీ పచ్చిక.

మరి ఎక్కువ ఇవ్వాలనుకునే దాతలు ఏమి ఇవ్వాలి? లెక్క చెబుతాను. మూడు వందల కిలోల బరువున్న ఆవుకు, పాలు ఇవ్వకపోయినా, రోజుకు తన బరువులో నూటికి రెండు వంతులకు తగ్గకుండా, అంటే ఆరు కిలోలకు పైగా ఎండుమేత సారం కావాలి. ఏడాదికి రెండు టన్నుల పైమాటే. వేసవిలో రోజుకు 40 నుంచి 60 లీటర్ల నీళ్ళు తాగుతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు బతకగల ప్రాణి అది. కాబట్టి గోదానం చేసేవారు ఆవు ఖరీదుతో దానం పూర్తయిందని భావించరాదు. గడ్డివామి ఇవ్వండి, నీళ్ళతొట్టి కట్టించండి, కొట్టానికి కప్పు వేయించండి, ఆరు నెలలకొకసారి వేసే గాలికుంటు టీకా రోజున వచ్చి చేయందించండి. ఆ దానానికి ఫోటో అందంగా రాకపోవచ్చు. ఆవుకు అందేది అదే.

కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞం చేసి గోవులను దానమిచ్చాడు. తాగవలసిన నీళ్ళు తాగేసి, మేయవలసిన గడ్డి మేసేసి, ఇక ఈనలేని ఆవులవి. పెద్దలంతా ఉన్న ఆ సభలో అది గమనించినది నచికేతుడనే పిల్లవాడు. తండ్రి చేస్తున్నది దానమా, వదిలించుకోవడమా అన్న సందేహం ఆ బాలుడికి కలిగింది. పిల్లలు ప్రశ్నిస్తే కోపగించుకోకూడదని ఈ కథ మనకు నేర్పుతుంది. మన గోశాలకు కూడా కొందరు వట్టిపోయిన ఆవులను రాత్రివేళ గేటు బయట కట్టి వెళ్ళిపోతారు. వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. కరువు సంవత్సరంలో రైతు కష్టం నాకు తెలుసు. కానీ వదిలించుకున్నదానికి దానమని పేరు పెట్టుకోకూడదు. పగలు వచ్చి చెప్పండి. మేతకు చేయగలిగినది చేయండి. గోశాల కాదనదు.

తల్లిదండ్రులకు, ఆతిథేయులకు

పిల్లలను ఇక్కడికి తెచ్చిన తల్లిదండ్రులారా! మీలో కొందరు హైదరాబాదు, బెంగుళూరుల నుంచి వచ్చారు. ఒక కుటుంబం సముద్రాలు దాటి వచ్చింది. మీరు ఎంతో మంచి పని చేశారు. ఒకటే కోరిక. పిల్లవాడు దూడను కౌగిలించుకొన్న క్షణాన్ని మీరు ఫోనులో పట్టుకొన్నారు. వాడు మూడవరోజు విసుగుపడుతూ పేడతట్ట ఎత్తిన క్షణాన్ని కూడా మనసులో పట్టుకోండి. విలువైనది ఆ రెండవదే. ముద్దుచేయడం అందరికీ వస్తుంది. ముద్దు తీరిన తరువాత కూడా చేసే పనికే సేవ అని పేరు.

మరొక మాట. మా జిల్లాకు పేరు తెచ్చిన పుంగనూరు ఆవులు దాదాపు మూడడుగుల ఎత్తుతో బొమ్మల్లా ఉంటాయి. వాటిని చూసి ముచ్చటపడి, పట్నంలో అపార్టుమెంటులో పెంచుకోవాలనుకునేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆవు ఎంత చిన్నదైనా ఆవే. దానికి మంద కావాలి, మన్ను కావాలి, ఎండ కావాలి, పరుగెత్తే చోటు కావాలి. నున్నని గచ్చుమీద గిట్టలు జారి కాళ్ళు దెబ్బతింటాయి. ఒంటరిగా కట్టేస్తే దిగులుపడుతుంది. ఆ జాతిని కాపాడాలనుకునేవారు దానిని పెంచుతున్న రైతుకు తోడ్పడండి. నెల్లూరు పేరుతో బ్రెజిలు దేశపు బీళ్ళను నింపిన మన ఒంగోలు జాతి, నల్లమలలో మచ్చల ఒంటితో మెరిసే పొడతూర్పు జాతి, ఏవైనా నిలిచింది మేపిన చేతులవల్లనే.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! ఈ బస వల్ల మీ ఇంటికి పంటల మధ్య కాలంలో నాలుగు రూపాయలు వస్తే సంతోషమే. అది మీ కష్టానికి తగిన ఫలం. ఇంటి ఇల్లాలు తెల్లవారుజామున లేచి అదనంగా పదిమందికి వండుతున్నదని వచ్చినవారు మరువరాదు. ఇది హోటలు కాదు, ఒక సంసారం. అయితే అతిథుల ముచ్చట కోసం పశువును వేధించవద్దు. దూడను రోజంతా పిల్లల చేతుల్లో ఉంచవద్దు. దానికి నిద్ర కావాలి, తల్లి దగ్గర చోటు కావాలి. మధ్యాహ్నం నెమరువేసే వేళ కొట్టంలోకి ఎవరినీ రానివ్వకండి. దేవాలయంలో స్వామివారికి పవళింపు సేవ ఉన్నట్లే ఇదీ అనుకోండి.

రేపు కనుమ

రేపు పశువుల పండుగ. తెల్లవారగానే పశువులను చెరువుకు తోలుకొని వెళ్ళి కడుగుతారు. కొమ్ములకు రంగులు, మెడకు మువ్వలు. రేపు వాటికి కాడి లేదు, బండి లేదు. అడవి నుంచి తెచ్చిన ఔషధవృక్షాల చెక్కలు, ఆకులు ఎండబెట్టి, ఉప్పుతో కలిపి దంచిన ఉప్పుచెక్కను ఒక్కొక్క పశువుకూ నోట వేస్తారు. పెద్దలు నోరు తెరిచి పట్టుకుంటారు. పిల్లలు చూడండి, చేయి పెట్టవద్దు. ఆవుకు పైదవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు కదా అని ధైర్యపడకండి, వెనుక దంతాలు బలమైనవి! గడ్డి మేసే పశువుకు ఉప్పు ఎంత అవసరమో శాస్త్రం ఇప్పుడు చెబుతోంది. మన తాతలు దానిని పండుగలోనే కూర్చిపెట్టారు. సాయంత్రం ఊరిచివర చిట్లాకుప్పకు నిప్పుపెట్టి పశువులను ఇంటికి తోలుకొని వస్తారు. ఆ మంట దగ్గర పిల్లలను పెద్దలు చేయి పట్టుకొని నిలబెట్టుకోవాలి.

రేపు మీరు పశువులకు పొంగలి పెట్టవచ్చు. ఒక్క కబళం. ఒక ఆవుకు ఒక ఇంటివారే. ఎవరు ఏ ఆవుకు పెట్టాలో గోశాలవారు పలకమీద రాసి ఉంచుతారు. చివరి గుంజ దగ్గరనున్న ఆవుకు పెట్టే కుటుంబం పేరు మొదటి వరుసలో ఉంటుంది.

ఇక ఆ పిల్లవాడి సంగతి. ఈరోజు మధ్యాహ్నం వాడు నా దగ్గరకు పరుగెత్తుకొని వచ్చాడు. మొదటిరోజు ప్రశ్నకు జవాబు చెబుతాడేమో అనుకున్నాను. ఆ ప్రశ్న వాడికి గుర్తే లేదు. "తాతగారూ, దానికి పళ్ళు అరిగిపోయాయి. పొడుగు గడ్డి నమలలేక కింద పడేస్తోంది. దానికి వేరేగా సన్నగా తరిగించి వేయాలి. నేను వెళ్ళిపోయాక ఎవరు వేస్తారు?" అన్నాడు. నేను పరీక్షించి చూశాను. వాడు చెప్పినది నిజం. నలభై ఏళ్ళు పశువైద్యం చేసిన నేను ఈ మూడు రోజులూ ఆ కొట్టం ముందు నుంచే నడిచాను. నా కంటికి ఆనలేదు. నీళ్ళు పెట్టినవాడి కంటికి ఆనింది.

ఎందుకు మేపాలి అన్న ప్రశ్న, ఎవరు మేపుతారు అన్న ప్రశ్నగా మారడానికి ఆ పిల్లవాడికి మూడు రోజులు పట్టింది. దాని కోసం రేపటి నుంచి గడ్డి వేరుగా తరగమని గోశాలవారికి చెప్పాను. నీళ్ళు పెట్టే చేయి ఇంకా ఖాళీగా ఉంది. ఈ సభలో దాతలున్నారు, ఈ ఊరి పిల్లలున్నారు. ఎవరు ముందుకు వస్తారో రేపు ఉదయం కొట్టం దగ్గర చూస్తాను.

స్వామివారి అనుగ్రహం మనుషులకూ, పశువులకూ సమానంగా కలుగుగాక! స్వస్తి.